కోలమొహం ఆరున్నరమ్మ

జనవరి 9

ఛానెల్ నుంచి ఫోన్. ఆరున్నరమ్మ బొమ్మ కావాలట.

ఫోన్ పెట్టేశాక స్టూలు మీద అలాగే కూర్చుండిపోయాను. వేళ్లకి అంటిన జిగురు ఎండిపోయింది కూడా. ఇన్నేళ్లుగా బొమ్మలు చేస్తున్నాను. మాట్లాడే కుందేళ్లు చేశాను, టూత్‌పేస్టు అమ్మే పన్ను చేశాను, బ్యాంకు ప్రకటనలో నీతులు చెప్పే చీమని చేశాను. చూడగానే ఫలానా అని గుర్తుపట్టే మనిషిని చెయ్యమని ఎవరూ అడగలేదు. అడగ్గా అడగ్గా ఈవిడనే అడిగారు.

ఆవిడ అసలు పేరు అందరికీ తెలుసు, ఆ పేరుతో పిలిచినవాళ్లు మాత్రం లేరు. రోజూ సాయంత్రం ఆరున్నరకి టీవీలో వచ్చేది. ఊరి సంగతులు, రేపటి వాతావరణం, ప్రేక్షకుల ఉత్తరాలు. పావుగంట. నాకు తొమ్మిదేళ్లప్పుడు మొదలైంది, నేను ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో కూడా నడుస్తూనే ఉంది.

ఛానెల్‌కి యాభై ఏళ్లు నిండుతున్నాయట. పండగ ప్రోగ్రాంకి పిలిస్తే ఆవిడ రానందట. ఈ మొహాన్ని అద్దంలో నేనే తప్పించుకు తిరుగుతున్నాను, జనానికెందుకు అందట. కావాలంటే బొమ్మ చేయించుకోండి, మొహం నేను చూడాలి, నచ్చితే గొంతు నేనే ఇస్తాను, నచ్చకపోతే నా జోలికి రాకండి అందట. ఇదంతా చెప్పిన ప్రొడ్యూసర్‌కి ముప్ఫై ఏళ్లుంటాయేమో. ప్రతి మాటకీ ముందో అర్జెంటు, వెనకో అర్జెంటు. అర్జెంటు బాబు అని పేరు పెట్టేశాను.

అమ్మకి చెప్పాను. అయితే ఇప్పుడైనా సెలవు చెప్తుందా అంది.

జనవరి 10, పొద్దున

ఆ సెలవు సంగతి రాసుకుంటే గానీ పని మొదలయ్యేలా లేదు.

ప్రోగ్రాం చివర్లో ఆవిడ కాగితాలు రెండు చేతుల్తో పట్టుకుని బల్ల మీద తట్టి సర్దేది. ఎడమ కనుబొమ కొంచెం లేచేది. రేపు ఇదే వేళకి కలుద్దాం అనేది. వెంటనే తెర మారేది కాదు. అర క్షణం మనవైపే చూస్తూ ఉండిపోయేది. ఆ అర క్షణంలో మా నాన్న అలాగే తల్లీ అనేవాడు. రోజూ. పక్కింటికి వినపడేలా.

ఇంకా ఉంది. ఆరున్నరకి ఐదు నిమిషాల ముందు నాన్న లేచి చొక్కా వేసుకునేవాడు. ఎండలు మండిపోతున్నా సరే, మెడ దాకా బొత్తాలు. బనీనుతో ఆవిడ ముందు కూర్చుంటే ఏం మర్యాద అనేవాడు. ఆవిడకి నువ్వు కనిపిస్తావా, నీ పిచ్చి గానీ అని అమ్మ ఉతికి ఆరేసేది. నేనూ అమ్మ పార్టీయే.

ఒక మంగళవారం ఎప్పటిలాగే రేపు కలుద్దాం అంది. బుధవారం ఆ కుర్చీలో ఇంకో అమ్మాయి. ఎందుకని ఎవరూ చెప్పలేదు. జ్వరమేమో అన్నాడు నాన్న. ఆ నెలంతా చొక్కా వేసుకుని కూర్చున్నాడు. చెప్పకుండా వెళ్లే మనిషి కాదే, ఏదో అయ్యుంటుంది అనేవాడు. తర్వాత తర్వాత మానేశాడు. పోయేదాకా బనీనుతోనే టీవీ చూశాడు.

ఆయన చొక్కాలే ఇప్పుడు నేను పనిలో వేసుకుంటాను. ఇవాళ్టిదానికి మెడ బొత్తాం ఊడిపోయింది.

జనవరి 12

మా మాస్టారి పద్ధతి ఒకటుంది. తెలిసిన మనిషిని చేసేటప్పుడు మొదటి తల ఫొటో చూడకుండా చెయ్యాలి. జనానికి గుర్తుండేది ఫొటో కాదు, ముందు నీకేం గుర్తుందో చూసుకో, కొలతలు తర్వాత దిద్దుకోవచ్చు అనేవాడు. ఛానెల్ వాళ్లు పంపిన ఫొటోల కవరు విప్పకుండా బీరువా మీద పడేశాను. మన్ను తడిపాను.

జనవరి 15

ముక్కు వచ్చింది. నేనేం చెయ్యలేదు, దానంతటదే వచ్చింది.

జనవరి 18

ఇంత హాయిగా ఎప్పుడూ పని చెయ్యలేదు. కోలగా, పొడుగ్గా దిగే చెంపలు. ఎత్తు నుదురు. సన్నటి గడ్డం. ఎప్పుడూ ఎవరి గురించో బెంగ పెట్టుకున్నట్టుండే కళ్లు. చెయ్యి ఎక్కడా తడుముకోలేదు.

సాయంత్రం అమ్మని షెడ్‌లోకి తీసుకొచ్చాను. కంటి ఆపరేషన్ అయ్యాక అమ్మకి నా తలలో తెల్ల వెంట్రుకలు కూడా లెక్కకొస్తున్నాయి. బొమ్మ ముందు నిలబడి చాలాసేపు చూసింది. అచ్చు గుద్దినట్టుందే అంది. తర్వాత మెల్లిగా, ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావమ్మా అని బొమ్మని అడిగింది. నేను పని ఉన్నట్టు అటు తిరిగి పనిముట్లు కడుక్కున్నాను.

జనవరి 19

ఫొటోలతో సరిచూడకుండానే ప్లాస్టర్ అచ్చు పోసేశాను. మాస్టారుంటే చెవి మెలేసేవాడు.

జనవరి 28

రబ్బరు తల తయారు. జుట్టు కుట్టాను, గాజు కళ్లు పెట్టాను. లోపల మూడు మీటలు: నోటికొకటి, రెప్పలకొకటి, ఎడమ కనుబొమకొకటి. చెయ్యి దూర్చి వేళ్లతో నడపడమే.

అర్జెంటు బాబు వచ్చాడు. బొమ్మ చుట్టూ తిరిగాడు. చాలా బాగుంది మేడమ్, ఇంతకీ ఈవిడెవరు అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. నువ్వు పాలు తాగే రోజుల్లోనే ఆవిడ మానేసింది, నీకేం తెలుసు అన్నాను. అతను నొచ్చుకోకుండా సెల్‌లో ఆవిడ పాత ఫొటో చూపించాడు. ఉబ్బిన చెంపలు, పొట్టి ముక్కు, గడ్డం కింద చిన్న మడత. ఇది నొక్కేసిన ఫొటో అన్నాను. అమ్మ కూడా చూసి, పాపం ఎవరో అప్పడంలా నొక్కేశారు అంది.

అతను వెళ్లాక కవరు విప్పాను. అన్నీ నొక్కేసిన ఫొటోలే.

జనవరి 29

ఛానెల్‌కి ఫోన్ చేసి వాయించేశాను. యాభై ఏళ్ల నుంచి నడుపుతున్నారు, ఫొటో ఒకటి తిన్నగా ప్రింట్ చేయించలేరా అన్నాను. అమ్మ పక్కన నిలబడి గట్టిగా అడగవే అని ఎగదోస్తోంది. పాత టేపులు చూసుకునే పెద్దాయన ఓపిగ్గా అంతా విని, అసలు టేపే కాపీ చేసి పంపిస్తాను, మీరే చూసుకోండమ్మా అన్నాడు. చూపిస్తా వీళ్ల సంగతి.

జనవరి 31, మధ్యాహ్నం 3

టేపు కాపీ వచ్చింది.

ప్రోగ్రాంకి ముందు ఒక నిమిషం గడియారం చూపించేవాళ్లు. ముందు అది వచ్చింది. గుండ్రంగా ఉంది.

ఆపి, లేచి వెళ్లి స్కేలు పెట్టి కొలిచాను. అడ్డంగా ఎంతో నిలువుగా అంతే. గుండ్రమే.

మా ఇంట్లో ఆ గడియారం కోడిగుడ్డులా ఉండేది.

అదే రోజు, సాయంత్రం

ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

బళ్లో టీవీ గడియారం బొమ్మ వేస్తే డ్రాయింగ్ టీచరు ఇది గడియారమా గుడ్డా అని అందరి ముందూ అడిగింది. నాన్న మర్నాడు బడికి వెళ్లి, మీరోసారి మీ టీవీ చూసుకోండి, మా అమ్మాయి చూసిందే వేసింది అని దెబ్బలాడి వచ్చాడు. పక్కింటి టీవీలో ఆరున్నరమ్మ చెంపలు ఉబ్బినట్టుండేవి. వాళ్ల టీవీ చెడిపోయిందని మేం జాలిపడేవాళ్లం. పత్రికలో ఆవిడ ఫొటో పడితే, పాపం ఫొటోకి బాగా పడదు అనేది అమ్మ.

మాది సెకండ్ హ్యాండ్ సెట్టు. కొన్న కొత్తలో బొమ్మ ఊరికే వణికేది. రిపేరతన్ని పిలవమని అమ్మ పోరుతుంటే, నాన్న తనే వెనక మూత తీసి ఏదో స్క్రూ తిప్పాడు. బొమ్మ నిలబడింది. నిలువునా సాగింది కూడా, కానీ మాకు టీవీయే కొత్త కదా, ఏం తెలుసు. ఇక దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు అని ఆ స్క్రూ మీద గాయాలకేసే ప్లాస్టర్ అతికించేశాడు. అది అలాగే ఉండిపోయింది. టీవీలో మనుషులందరూ ఎంత పొడుగో, మంచి తిండి తింటారు కాబోలు అనుకునేవాళ్లం.

అంటే ఇన్నేళ్లుగా నేను దాచుకున్న మొహం ఆవిడది కాదు. అది మా నాన్న స్క్రూడ్రైవర్ పని.

అమ్మకి చెప్పాను. ఒప్పుకోలేదు. గడియారమే మార్చుంటారు అంది.

ఫిబ్రవరి 2

ఆవిడ పద్దెనిమిదో తారీకున వచ్చి చూస్తుందట. అర్జెంటు అన్నాడు. ఈసారి నిజంగానే అర్జెంటు.

ఫిబ్రవరి 11

రెండో తల. కంపాసుతో ఫొటో కొలుచుకుంటూ, ఒక్కో చెంపా మన్నుతో నింపుకుంటూ చేశాను. తప్పు లేదు. ప్రాణం కూడా లేదేమోనని భయంగా ఉంది. కనుబొమ మీట కదిపితే అప్పుడు కొంచెం ఆవిడ తొంగిచూస్తోంది.

అమ్మ గుమ్మంలోంచే చూసింది. ఎవరో పరాయావిడని పిలుచుకొచ్చినట్టుంది, ఈవిడ సెలవు చెప్తే నాకేంటి, చెప్పకపోతే నాకేంటి అని వెళ్లిపోయింది. నేను మాత్రం ఏం చెయ్యను? ఆవిడ ఒప్పుకోవాల్సింది ఆవిడ మొహాన్ని. మా ఇంటి మొహాన్ని చూపిస్తే గొంతు ఇవ్వడం కాదు కదా, గుమ్మం కూడా ఎక్కదు.

మొదటి తల మీద గుడ్డ కప్పి పై అరలో పెట్టాను.

ఫిబ్రవరి 18

వచ్చింది.

బూడిదరంగు కోటు, చేతికర్ర. డెబ్భై దాటిన మనిషి. టీవీలో కన్నా పొట్టి. అమ్మ పొద్దున్నుంచీ నాకు పట్టలేదన్నట్టు తిరిగింది గానీ, కొత్త బట్టలు కట్టుకుని షెడ్‌లో కుర్చీ వేసుకుని ముందే కూర్చుంది.

ఆవిడ రెండో తలని వెలుతురులోకి తిప్పించి చూసింది. చెంప మీద వేలు పెట్టింది. సరిగ్గా నేనే, తప్పు పట్టడానికేం లేదు అంది. సంతోషంగా అనలేదు. మేకప్ గదిలో ఇలాగే ఉండేదాన్ని, ఇది చూస్తే ఆ గదే గుర్తొస్తోంది అంది. ఆలోచించుకుని ఫోన్ చేస్తాను అని లేచింది.

అప్పుడు అమ్మ నోరు ఊరుకోలేదు. అసలుది పై అరలో ఉందమ్మా అనేసింది.

నేను కళ్లతో ఎంత వారించినా లాభం లేకపోయింది. గుడ్డ తియ్యక తప్పలేదు. ఆవిడ ఆ కోలమొహాన్ని చూసి, ఈవిడెవరు అంది. అర్జెంటు బాబు అడిగిన మాటే. మీరే, మా ఇంట్లో మీరు ఇలా ఉండేవారు అన్నాను. స్క్రూ సంగతి, గుడ్డు గడియారం సంగతి చెప్పేశాను. పగలబడి నవ్వింది. కర్ర జారి కింద పడింది. ఇంత సన్నగా ఉన్నానని తెలిస్తే డైటింగులు చేసి చచ్చేదాన్నా అంది.

నవ్వు ఆగాక మళ్లీ కూర్చుంది. అప్పుడు మీరేం చేసేవారు, ఆరున్నరకి, అని అడిగింది. నాకు గాజు లెన్సు తప్ప ఏమీ కనిపించేది కాదు, దాని వెనక కెమెరా అతను ఆవలిస్తూ ఉండేవాడు, ఎవరైనా చూస్తున్నారో లేదో కూడా తెలిసేది కాదు, ఒక్క ఇల్లు కూడా నేను చూడలేదు అంది.

అమ్మ చెప్పింది. చొక్కా సంగతి. మెడ దాకా బొత్తాలు. అలాగే తల్లీ. నేనే ఎగతాళి చేసేదాన్ని, ఆవిడకి కనిపిస్తావా అని, అంది. ఆ బుధవారం సంగతి చెప్పింది. నెలంతా ఎదురుచూశాడమ్మా అంది.

బుధవారం స్టూడియో గేటు దగ్గరే ఆపేశారు, నీ కుర్చీ ఇంకొకరికిచ్చాం అన్నారు అంది ఆవిడ. నాకు మాత్రం ముందు తెలుసా, తెలిస్తే చెప్పకుండా వెళ్తానా అంది. ఏదో అయ్యుంటుంది అని నాన్న అన్నది నిజమే. వినడానికి ఆయన లేడు.

తర్వాత ఆవిడ చెయ్యి చాపింది. దీన్ని ఎలా ఆడించాలో చూపించమ్మా అంది. కోలమొహాన్ని చేతికి తొడిగి మీటలు చూపించాను. త్వరగానే పట్టుకుంది. బొమ్మని అమ్మవైపు తిప్పింది. ఎడమ కనుబొమ లేచింది. ఆ గొంతు అలాగే ఉంది, కొంచెం బొంగురు పోయిందంతే. రేపు కలుద్దాం అని రాలేకపోయాను, మీ ఆయన్ని కూర్చోబెట్టేశాను, సెలవు అంది.

అని వెంటనే చెయ్యి తియ్యలేదు. అర క్షణం బొమ్మని అలాగే మావైపు చూడనిచ్చింది.

అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. మంచిది తల్లీ, వెళ్లిరా అంది. గట్టిగా, పక్కింటికి వినపడేలా.

ఏడ్చాను. ఇందులో దాచుకోవడానికేముంది.

వెళ్తూ వెళ్తూ గుండ్రటి తలకి సరే అంది. గొంతు ఇస్తానంది. చివర్లో ఏం చెప్పాలో ఛానెల్ రాయక్కర్లేదు, నేనే చెప్తాను అంది. కోలమొహం మాత్రం బయటికి ఇవ్వకు, అది మీ ఇంటి మనిషి అంది.

ఫిబ్రవరి 19

అమ్మ సూదిలో దారం ఎక్కించి ఇమ్మంది. ఎందుకో చెప్పలేదు.

ఫిబ్రవరి 26

గుండ్రటి బొమ్మని పెట్టెలో సర్ది ఛానెల్‌కి పంపేశాను. అర్జెంటు బాబు పెట్టెని తనే మోసుకెళ్లాడు. రాత్రి ఫోన్ చేశాడు. రికార్డింగులో ఆవిడ ఒక్క టేకులో చెప్పేసిందట. పండగ ప్రోగ్రాం ఒకటో తారీకున, ఆరున్నరకే వేస్తారట. మొదటిసారి అతను అర్జెంటు అనకుండా ఫోన్ పెట్టేశాడు.

మార్చి 1, సాయంత్రం 6:25

కోలమొహాన్ని టీవీ పక్కన పెట్టింది అమ్మ. నాన్న చొక్కా తెచ్చి నా మీద పడేసింది. మెడ బొత్తాం కొత్తది.

బనీనేసుకుని కూర్చున్నట్టు అలా వదిలేస్తావేంటే, పైది కూడా పెట్టుకో, ఆవిడొచ్చే వేళైంది అంది.

పెట్టుకున్నాను.