ఏడవని పిల్లాడు

1988 ఆగస్టు 12, శుక్రవారం

ఈ రోజు సావిత్రి మీద నాకు కలిగిన అసూయను ఇక్కడైనా ఒప్పుకోవాలి.

పదకొండు గంటలప్పుడు ఈ హిందీ ఊరి శివారు బస్తీ బీర్‌గావ్ నుంచి ఒక తల్లి ఏడాది పిల్లాణ్ణి ఎత్తుకుని మా క్యాజువాలిటీకి వచ్చింది. శ్రీకాకుళం మనిషి, హిందీ రాదు. నర్సుల్లో నేను తెలుగుదాన్నని తెలిసి ప్రాణం లేచొచ్చినట్టు నా దగ్గరికే వచ్చింది.

"మూడ్రోజుల జొరమమ్మా. రేతిరి తగ్గింది. పొద్దున్నించీ ఏడవనేదు," అంది.

నుదురు ముట్టుకుంటే చల్లగానే ఉంది. తగ్గింది కదా అని బెంచీ మీద కూర్చోమన్నాను.

మూడు నెలల క్రితం చేరిన నర్సు సావిత్రికి తెలుగు ఒక్క ముక్క రాదు. అటుగా వెళ్తూ ఆగి, పిల్లాడి పాదాన్ని బొటనవేలితో నొక్కి చూసింది. తెల్లబడిన చోటికి రంగు ఎంతకీ తిరిగి రాలేదు.

"దీదీ, సాఁస్ దేఖో!" అంది, ఊపిరి చూడమని. అప్పుడు చూశాను, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

రక్తంలో ఇన్ఫెక్షనట. ఇంకో గంట ఆగితే దక్కేవాడు కాదంటూ డాక్టరు గారు అందరి ముందూ సావిత్రిని మెచ్చుకున్నారు. పన్నెండేళ్ల సర్వీసులో నన్నెప్పుడూ అలా మెచ్చుకోలేదు. సెలైన్ సీసా పట్టుకుని నిలబడి, ఈ పిల్ల అటు రాకపోయి ఉంటే బాగుండేదని అనుకున్నాను. రాకపోతే పిల్లాడు ఏమయ్యేవాడో ఆ తర్వాతే తట్టింది.

సాయంత్రానికి వాడు గట్టిగా ఏడ్చాడు. తల్లి సావిత్రి చేతులు పట్టుకుని నావైపు తిరిగింది.

"నా బిడ్డకి మళ్లీ జల్మనిచ్చినాదని సెప్పండమ్మా."

"థాంక్స్ అంటోంది," అని మాత్రం సావిత్రికి హిందీలో చెప్పాను.