ఇంటికొకరే నడిచే దారి

జనవరి 3, శనివారం

నాకు భక్తి పుట్టిందని అమ్మ బస్తీ అంతా చెప్పుకుంటున్నది. ఇయ్యాల నల్లా కాడ లక్ష్మవ్వ నన్ను ఆపి, దేవుని పనిల ఉన్నవట గద బిడ్డా, మా కోడలి నడుము నొప్పికి జర మొక్కుకో అన్నది. నేను చేసేది యాత్రల కంపెనీల మార్కెటింగ్. దేవుడు నా ప్రొడక్ట్. ఈ మాట అమ్మతోని అంటే చెంప మీద ఒకటి ఇస్తది.

నాయిన ఇంకో రకం. పరీక్షకు భయపడి పారిపోయిననుకుంటడు. అశోక్‌నగర్‌ల ఏడాదిన్నర గ్రూప్-2 కోచింగ్ తీసుకున్న. ఒకసారి రాసిన, రాలే. మళ్ల అదే స్టడీ హాల్ల, అదే ఫ్యాన్ కింద, అవే పంచవర్ష ప్రణాళికలు చదవబుద్ధి కాలే. అది భయం కాదు, విసుగు. ఈ తేడా మా ఇంట్ల ఎవరికీ ఎక్కదు. ఉన్నది ముగ్గురం. ఆ ఇద్దరూ నన్ను తప్పుగనే అర్థం చేసుకున్నంక చెప్పుకునేటందుకు ఇంకెవరున్నరు, ఈ నోట్‌బుక్కే.

జనవరి 5, సోమవారం

కొత్త ప్యాకేజ్. బోడబండ నడక.

బోడబండ మల్లప్ప గుట్ట నల్లమల అంచున ఉంటది. మా ఊరి దిక్కు జనం మాఘ పున్నమికి ఐదు రోజులు ఉత్తకాళ్లతోని నడిచిపోతరు. పట్నం వచ్చి మేస్త్రీ అయినా నాయిన ఇరవై రెండేండ్లల్ల ఒక్క ఏడు తప్పలే. ఇంటర్వ్యూల ఈ ముచ్చట నేనే చెప్పిన. ఉద్యోగం దానికే వచ్చిందేమో.

మా ఆఫీసు నారాయణగూడల, మెడికల్ షాపు మీద రెండో అంతస్తు. ఓనర్ కాశీవిశ్వనాథం గారు చిక్కడపల్లి మనిషి. మెత్తగ మాట్లాడతారు. అమ్మా అని పిలిచి టార్గెట్ చెప్తారు. చివరి ఆరు కిలోమీటర్లు నడక, మిగతాది ఏసీ బస్సు, పిల్లలకు టోపీలు, వీకెండ్‌లో అయిపోవాలి అన్నారు.

చిక్కు ఒకటున్నది. ఆ నడకకు ఇంటికొకరే పోవాలె. ఒకరు గడప దాటంగనే ఇంట్ల ఉన్నోళ్లు ఆముదం దీపం ముట్టిస్తరు. నడిచినోళ్లు తిరిగొచ్చి తమ చేత్తోని మలిపేదాక అది ఆరొద్దు. దీపం పెట్టినోళ్లు వాకిలి దాటొద్దు. మా ఇంట్ల నాయిన నడుస్తడు, అమ్మ దీపం కాడ కూసుంటది. ఆ ఐదు రోజులు హాస్టల్‌ల వంటపని కూడ బంద్ పెడతది.

ఈ సంగతి చెప్పిన. ఇంటికొక సీటు అమ్మి బస్సెలా నింపనమ్మా అని కాశీవిశ్వనాథం గారు నవ్వుతూనే అడిగారు. సాయంత్రానికి పాంప్లెట్ మీది రాత కావాలన్నారు.

సాయంత్రం 6:30

రాసిన. పూర్వం ఇంటిల్లిపాదీ కలిసి నడిచేవారు, కాలక్రమంలో మరుగునపడిన ఆ సంప్రదాయాన్ని మీ పిల్లలకు తిరిగి అందించండి.

ఏ పుస్తకంల లేదు. ఏ ముసలమ్మ చెప్పలే. ఇరవై నిమిషాలు పట్టింది.

ఆయన కళ్లద్దాలు తుడుచుకొని రెండోసారి చదివారు. దీపం సంగతి ఆయనే తేల్చారు. ఆఫీసుల ఒక షెల్ఫు, ఇంటిపేర్లతో ఎల్ఈడీ దీపాలు, ఫోన్ల లైవ్. ఎల్ఈడీ ఆరదు కదమ్మా అన్నారు. కరెంటు పోతే అన్న. ఇన్వర్టర్ ఉంది అన్నారు.

జనవరి 9, శుక్రవారం

మూడు బస్సులల్ల ఒకటిన్నర నిండింది.

జనవరి 13, మంగళవారం

గాంధీనగర్ నుంచి శ్రీలక్ష్మి గారని ఒకామె ఫోన్ చేసింది. ఐదు సీట్లు కావాలె, కాని అత్తమ్మ అడ్డం పడ్డదట. ఆమెది కూడ మా దిక్కే. ఇంటికి తాళమేసి ఆ గుట్టకు పోవుడేంది, అరిష్టం అంటున్నదట. మీరే ఏమన్న చెప్పండి మేడం అన్నది. నా లైను చదివి వినిపించిన.

పది నిమిషాలకు మళ్ల చేసింది. అత్తమ్మ ఒప్పుకున్నదట. మా చిన్నతనం నాటికే అందరు మర్చిపోయిండ్రేమో, నాకేం ఎరుక అన్నదట. ఐదు సీట్లు కన్ఫర్మ్.

ఆ ముసలామెకు తన యాదిల ఉన్నదాని మీద అనుమానం వచ్చింది. నేను రాసిన దాని మీద రాలే. తరువాత రెండు కాల్స్ నేను ఎత్తలే.

జనవరి 18, ఆదివారం

అమ్మ ఇంటికొచ్చి చీర కొంగు కూడ దులుపుకోకుండ మంచం మీద కూసున్నది. చేతిల మా పాంప్లెట్. హాస్టల్‌ల పంచిండ్రట. గ్రూప్స్‌కు చదివే మహేశ్వరి అనే పిల్ల, అమ్మ బీరకాయలు కోస్తుంటే పక్కన కూసోని మొత్తం చదివి వినిపించిందట.

నాయిన సబ్బు పెట్టి చేతుల సిమెంటు కడుక్కుంటున్నడు. మీ అమ్మ నన్ను ఇరవై రెండేండ్లు మోసం చేసింది అన్నది అమ్మ. నాయినకు సమజ్ కాలే. నువ్వు నడిచిన మొదటి ఏడే నేనూ వస్తనంటే, ఇంటికొకరే, గది మన రివాజు అని నన్ను దీపం కాడ కూసోబెట్టింది, ఇగో, పూర్వం అందరు నడిచిండ్రంట, అచ్చేసిండ్రు చూడు అన్నది. చచ్చిపోయిన నాయనమ్మను ఇంత గట్టిగ తిట్టంగ నేను ఎన్నడు వినలే.

నాయిన పాంప్లెట్ వంక చూడలే. నడిచినోడైతే గట్ల రాయడు అన్నడు. అంతే.

నేను పొయ్యి కాడ రొట్టె తిప్పుతున్న. మాడింది.

ఈసారి ఇద్దరం పోదాం, అర్రకు తాళమేద్దాం, దీపం మా పిల్ల ఆఫీసుల పెడతరట అని అమ్మ తీర్మానం చేసింది. నా వంక చూసి మురిసిపోయింది కూడ. ఆఫీసుల ఎవరో పెద్ద చదువులోళ్లు పాత గ్రంథాలు చూసి రాసిండ్రనుకుంటున్నది.

నేను ఇంకో రొట్టె తట్టిన.

జనవరి 19

చెప్పలే.

జనవరి 21, బుధవారం

అమ్మ మూడు రోజుల సంది తెల్లారకముందే లేచి ఉత్తకాళ్లతోని లోయర్ ట్యాంక్ బండ్ దాక నడిచొస్తున్నది. ప్రాక్టీస్ అట. ఇయ్యాల మడిమెల గాజుపెంకు దిగింది. పిన్నీసుతోని నేనే తీసిన. నొప్పి లేదు అన్నది. నలభై ఏడేండ్ల మనిషి, బడికి కొత్త చెప్పులు కొనిచ్చిన పిల్ల తీరు ఉన్నది మొకం. ఇప్పుడు కూడ చెప్పలేకపోయిన.

జనవరి 22, గురువారం

చెప్పిన.

లంచ్ బ్రేక్‌ల హాస్టల్‌కు పోయిన. అమ్మ అరవై మందికి పప్పు ఉడికిస్తున్నది. ఆ పాంప్లెట్ రాసింది నేనే అన్న. ఏది, మొత్తమా అన్నది. మొత్తం నేనే, పూర్వం అందరు నడిచిండ్రన్నది మాత్రం ఉత్తదే, సీట్లు అమ్ముకోనీకి కల్పించిన అన్న.

గరిటె ఆగలే. అంటే మీ నాయనమ్మ చెప్పింది నిజమేనా అన్నది. ఇంటికొకరే అన్నది నిజమే అన్న. అబద్ధాలు రాయనీకా నిన్ను చదివిచ్చింది అన్నది. మొట్టికాయ గట్టిగనే పడ్డది. పక్కన కూరగాయలు కడిగే ఆమె చూసి చూడనట్టు తలకాయ తిప్పుకున్నది.

అమ్మ పప్పుల చింతపండు పిసికింది. పోపు పెట్టింది. అప్పుడడిగింది. ఒకరే అన్నరు సరే, ఆ ఒకరు మొగోడే కావాలని ఎవరన్న చెప్పిండ్రా అని.

ఆలోచించిన. నాయనమ్మ మాటలు, నాయిన మాటలు, ఊర్ల విన్నయి, అన్ని తిప్పి చూసిన. ఎవరూ చెప్పలే.

నేనూ ఎన్నడు అడగలే అన్నది అమ్మ. ఉప్పు చూడు అని అరచేతిల పప్పు పోసింది. కాలింది. ఉప్పు సరిపోయింది.

జనవరి 24, శనివారం

ఈసారి నడిచే ఆ ఒకరు నేనే అని అమ్మ మొన్న రాత్రి నాయినకు చెప్పింది. అప్పటి సంది నాయిన టిఫిన్ డబ్బా కూడ పట్టుకపోతలేడు.

జనవరి 25, ఆదివారం

రెండు రోజుల సంది నాయినది ఒకటే పాట. మొక్కు నా పేర ఉన్నది. జట్టుల ఉప్పలయ్య, ఆశన్న ఉంటరు, మీ బాలప్ప ఏడి అని వాళ్లు అడిగితే ఏం చెప్తవు. మొక్కు ఎవరి పానం కోసం మొక్కినవు అన్నది అమ్మ. నాయిన నా వంక చూసిండు. ఏడాది పిల్లప్పుడు నాకు జ్వరమొచ్చి ఊపిరి ఆగినంత పనైందట. పిల్ల నీకొక్కనికే పుట్టిందా అన్నది అమ్మ. నాయిన బయటికి పోయి మెట్ల మీద కూసున్నడు.

పొద్దుగూకినంక లోపలికొచ్చి, ఎవరూ అడగకుండనే దారి చెప్పుడు మొదలుపెట్టిండు. మొదటి రోజు ఉషారుగ నడవకు, కాళ్లు ఆడనే పోతయి. రెండో రోజు చెలకల్ల తుమ్మముండ్లు, ముందు నడిచేటోళ్ల అడుగుల అడుగెయ్యి. వాగు దాటంగనే కురుమయ్య ఇల్లు, అంబలి పోస్తరు, ఉప్పు ఎక్కువుంటది, వద్దనకు, ఆ ఉప్పే నిన్ను నడిపిస్తది. మూడో రోజు మిట్టమధ్యాహ్నం కూసోకు, కూసుంటే పాదాలు ఉబ్బి లేవనియ్యవు. గుట్ట మెట్లు మధ్యల కాలుతయి, గోడ వారకు నీడ ఉంటది, అటు పో. నాలుగో రోజు అందరికి ఏడుపొస్తది, ఎందుకో తెల్వది, రానియ్యి.

గంటసేపు చెప్పిండు. ఆయన అంతసేపు మాట్లాడంగ నేను ఇదే చూసుడు. ఇందుల ఒక్క ముక్క నా బ్రోచర్ల లేదు. నేను అడిగితే గద. ఇంటర్వ్యూకు ఎన్నేండ్లు, ఎన్ని రోజులు అని రెండు అంకెలు అడిగి పోయిన.

ఎవరన్న అడిగితే బాలప్ప ఇంటిదాన్ని అని చెప్పు అన్నడు చివరికి. నా పేరు కురుమమ్మ, గదే చెప్త అన్నది అమ్మ. నాయినకు నవ్వొచ్చింది. ఆపుకున్నడు.

దీపం కాడ ఎవరు? ఈ ఏడు నడుస్తలేనని నాయిన అప్పుడే ఫోన్ చేసి బాగ్ లింగంపల్లిల స్లాబు పని ఒప్పుకున్నడు, ఐదు రోజులు కుదరదు. ఇద్దరు నా వంక చూసిండ్రు. బస్సులు ముప్పైన బయల్దేరుతయి. మైకు పట్టుకునేది నేను.

జనవరి 27, మంగళవారం

కాశీవిశ్వనాథం గారికి ఉన్నదున్నట్టు చెప్పిన. ఆ లైను కల్పన, తీసేద్దాం, బుక్ చేసుకున్నోళ్లకు చెప్దాం అని. ఆయన కోప్పడలేదు. అన్ని సంప్రదాయాలూ ఎవరో ఒకరు మొదలుపెట్టినవే కదమ్మా అన్నారు.

తెలివితక్కువ మాట కాదు. మధ్యాహ్నమంతా అదే తిరిగింది తలకాయల. మొదలుపెట్టినోళ్లెవరో ఆ మాటకు కట్టుబడి ఒకసారన్న నడిచి ఉంటరు, ఒకసారన్న దీపం కాడ కూసోని ఉంటరు. నేను ఇరవై నిమిషాలల్ల రాసి టీకి పోయిన.

నాలుగింటికి బస్సు స్క్రిప్ట్ చేతికిచ్చారు. మా నాయనమ్మ చెప్పేది, అని మొదలైతది. నలభై మంది పిల్లల ముందు నేను అనాలె. అమ్మకు ముందు సీటు ఫ్రీగా ఇస్తానన్నారు. ఆలోచించుకో తల్లీ అన్నారు. మంచిగనే అన్నారు. అదే కష్టం.

జనవరి 28, బుధవారం, పొద్దున 5:10

అమ్మ గడప దాటింది. నాయిన సందు చివరి దాక పోయి వచ్చిండు. దీపం నేను ముట్టించిన.

బుకింగ్ గ్రూపుల నూట ఆరుగురికి మెసేజ్ పెట్టిన. ఇంటిల్లిపాదీ నడిచేవారన్నది నేను కల్పించిన మాట. ఆ దిక్కు ఆచారం ఇంటికొకరే. రావాలో వద్దో మీరే చూసుకోండి. కింద నా పేరు, సంధ్య.

ఎల్లుండి బస్సెక్కను. అమ్మ వచ్చేదాక వాకిలి దాటను.