ఇరుకు నదిలో పెద్ద ఓడలు

జనవరి 9
సౌదీలో ఖతీఫ్ దగ్గరి మా ఓడల యార్డుకు కొత్త ఇన్‌స్పెక్టర్ — కెన్నెత్ సార్. స్కాట్లాండ్ మనిషి, అరవై దాటాయి. నా వెల్డింగ్ మీద వేలు పెట్టి చివరిదాకా తడిమి చూశారు. "గుడ్" అన్నారు. ఇక్కడికొచ్చి పదేళ్ళు. ఆ మాట వినడం ఇదే మొదలు.

జనవరి 14
టీ వేళ. సార్ సొంతూళ్ళో ఇరుకు నది ఒడ్డున ఒక యార్డు ఉండేదట. మహాసముద్రాలు దాటే పెద్ద పెద్ద ప్రయాణికుల ఓడలు కట్టిన చోటు. తాత, తండ్రి ఇద్దరూ అక్కడే. తాతది రివెట్ల పని — ఎర్రగా కాల్చిన మేకు, సుత్తి దెబ్బ. ఒక్కో ఓడకు లక్షల మేకులు... ఆ మోతకు తాత చెవులు పోయాయట.

జనవరి 15
ఖాజాకు చెప్పాను. కడప మనిషి, క్రేన్ నడుపుతాడు, ఏదీ ఊరికే నమ్మడు. "నది సన్నంగుంటాదంటివే అన్నా. అంత ఓడ నీళ్ళలోకి జారితే ఆ పక్క గట్టుకు తగులుకోదా?"

జనవరి 16
సార్‌ను అడిగాను. ఎదురుగా ఒక చిన్న నది వచ్చి కలుస్తుందట. ఓడను ఆ కలిసే చోటు వైపు ఏటవాలుగా వదిలేవారు. గుట్టలకొద్దీ ఇనుప గొలుసులు కట్టేవారు — అవి నేలను ఈడ్చుకుంటూ ఓడ వేగాన్ని పట్టి ఆపేవి. ఖాజా విని, నేల మీద వేలితో ఆ ఏటవాలు గీత గీసి చూసుకున్నాడు. "లెక్క తెలిసినోళ్ళు" అన్నాడు చివరికి.

జనవరి 23
ఒక కాలంలో అక్కడ పనులు కరువై సగం కట్టిన ఓడ ఏళ్ళ తరబడి తుప్పు పట్టిందట. పనికి మళ్ళీ పిలిచిన రోజు, బాజాలు ముందు మోగుతుంటే, మనుషులంతా గేటులోకి నడిచారు. మొదటి పని తుప్పు గీకడం, పక్షి గూళ్ళు తీయడం. సార్ తాత కూడా ఆ వరుసలో.

ఫిబ్రవరి 2
పెద్ద ఓడల్ని లాగే టగ్ పడవ అడుగున నిన్న నేను వేసిన అతుకు. వెల్డింగ్ రాడ్లు చెమ్మగా ఉన్నాయని తెలుసు. ఆరబెడతానన్నాను. ఫోర్‌మన్ యూనస్ భాయ్ — "చలేగా, టైమ్ నహీ హై." పర్లేదట, టైమ్ లేదట. వేశాను. పైకి నున్నగా ఉంది. రంగు కూడా పడింది. చెమ్మ రాడ్డుతో వేస్తే లోపల బొక్కలు పడతాయి, పైనుంచి కనబడవు.

ఫిబ్రవరి 3
సార్‌కు చెప్పేశాను. నా పనే, తెరిచి చూడండి అన్నాను. గ్రైండర్ పెట్టారు. లోపల పురుగు తొలిచినట్టు బొక్కలు — బారెడు పొడవున. తిట్టలేదు. నన్నే మళ్ళీ వేయమని, అయ్యేదాకా పక్కనే నిలబడ్డారు.

ఫిబ్రవరి 5
ఇప్పుడు ఆ యార్డు ఎలా ఉంది సార్, అని అడిగాను.
"లేదు. క్రేన్ ఒక్కటి మిగిలింది."
అంత మంచి పనివాళ్ళుండి?
"పని బాగుంది. జనం విమానాలెక్కారు. మిగిలిన ఓడలు వేరే దేశాలు త్వరగా, చవగ్గా కట్టాయి." యార్డు చివరి రోజు సార్ తండ్రి పనిముట్ల పెట్టె అక్కడే వదిలి, ఖాళీ చేతులతో ఇంటికొచ్చాడట.

ఫిబ్రవరి 8
టగ్ నీళ్ళలోకి దిగింది. ఆ అతుకు మళ్ళీ వేయడంతో మూడు రోజులు ఆలస్యం. లోపలికి చుక్క రాలేదు.

ఫిబ్రవరి 9
యూనస్ భాయ్ పిలిచాడు. ఆలస్యం నా వల్లేనట. నా ఇఖామా, ఇక్కడ ఉండే పర్మిట్, నెలాఖరుదాకే. రెన్యూ చేయాలా వద్దా అని కంపెనీ చూస్తోందట. కెన్నెత్ సార్ నా తరఫున కంపెనీకి ఉత్తరం రాస్తానన్నారు... వినేదెవరో.
ఇంటికి, జగిత్యాలకు ఫోన్. అంతా విని నా భార్య లక్ష్మి — "మంచిగనే చేసినవ్." వెంటనే, "మరి ఇప్పుడెట్ల?"
"పొద్దుగాల పనికి పోత" అన్నాను. రేపు కొత్త బార్జి అడుగు పని. ఆరింటికి గేటు.