పదకొండో గదిలో సాయన్న

మంగళవారం

1. పొద్దున పక్క గది బాలమణి అత్త వచ్చింది. మేముండే చాల్‌ను, అంటే ఈ వరుస గదుల పాత భవనాన్ని, కూల్చి కొత్తది కడతారు కనుక, తమది పాత కాపురమని సర్వే అధికారికి రేపు రుజువు చూపాలట. లేకుంటే ఆమెకు ఇల్లు రాదు.

2. ఆమె భర్త, కాలం చేసిన సాయన్న పేరు పాత ఓటర్ల జాబితాలో ఉంటుందేమోనని, "మేస్త్రీ చాల్" అని కొట్టి ఫోన్‌లో వెతికాను. ఏదో ప్రైవేటు వెబ్‌సైట్ "దొరికింది" అంటూ ఆధార్ నంబరు అడిగింది. మూసేశాను.

3. ఫోన్ పక్కన పెట్టి, ఏమేమి వెతకాలో కాగితం మీద రాసుకున్నాను. పొరపాటు అప్పుడు తెలిసింది. "మేస్త్రీ చాల్" మన తెలుగువాళ్ల నోటిమాటే. సర్కారు లెక్కలో అది ఒక నంబరు. కరెంటు బిల్లులోని ఆ నంబరుతో వెతికాను.

ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే పాత ఓటర్ల జాబితా తెరుచుకుంది. పదకొండో గది, సాయన్న. తండ్రి పేరు, వయసు అత్త దగ్గరున్న రేషన్ కార్డుతో సరిపోయాయి!

"సచ్చీ, నిజంగనా అల్లుడా? బతికున్నన్ని దినాలు ఇంట్ల దొరకనోడు, ఇప్పుడు గదిల్నే దొరికిండా?" అని నవ్వింది అత్త. "ఇంకోసారి సదువు" అంది. మూడుసార్లు చదివాను.

ఇంటర్నెట్ కాగితాన్ని ఆ అధికారి ఒప్పుకుంటాడో లేదో... ఆ పేజీ ప్రింటు తీయించి, దాని కింద వెబ్‌సైట్ చిరునామా, పేజీ సంఖ్య రాశాను. కాదంటే ఆయన ఫోన్‌లోనే తెరిపిస్తాను.

రాత్రి 10.40
యాదగిరి నర్సింహులు గడ్డం