గిద్దెడు బియ్యం

జగ్గయ్యపేట, 12 జనవరి 1959
అబ్బాయి వరప్రసాదరావుకు షుగరని తేలింది. వాళ్ల నాన్నకూ ఇదే. బొటనవేలితో మొదలై మోకాలి దాకా కాలు తీసేశారు, అయినా మనిషి దక్కలేదు. నందిగామ డాక్టరు పూటకు గిద్దెడు బియ్యం మాత్రం వండి పెట్టమన్నాడు. ఆ గిద్దెడు మాత్రం ఎందుకు? నా కొడుకు కాలు నాకు కావాలి. అన్నం పూర్తిగా మాన్పించాను.

13 జనవరి
బియ్యపు డబ్బాకు తాళం వేశాను. వాడికి పొద్దున నాలుగు గుడ్లు, మధ్యాహ్నం పావువీశె మేకమాంసం, రాత్రికి లివరు వేపుడు. అన్నం లేకుండా మనిషి ఎన్నాళ్లుంటాడు అత్తయ్యా అని కోడలు ప్రేమకుమారి గొణిగింది. ముప్పై ఏళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా చేశాను, నాకు చెప్పకు అన్నాను.

9 ఫిబ్రవరి
పన్నెండు పౌన్లు తగ్గాడు. మూత్రం మందునీళ్లలో వేసి కాచినా నీలంగానే ఉంది, చక్కెర లేదు. చర్చిలో జయమణి టీచరు, మీ ఇంట్లో మేకలు తప్ప అందరూ సుఖమేనండీ అని నవ్వింది.

21 ఫిబ్రవరి, ఉదయం 6
కుడికాలి బొటనవేలు ఎర్రగా, నిగనిగలాడుతూ వాచింది. దుప్పటి అంచు తగిలినా అరుస్తున్నాడు.
అదే వేలు.
ఎక్కడో దొంగతనంగా అన్నం తిన్నాడు.

22 ఫిబ్రవరి
బైబిలు మీద చెయ్యి పెట్టించి అడిగాను. మెతుకు ముట్టలేదమ్మా అన్నాడు. నమ్మలేదు. మంచం పక్కన గిన్నెడు అన్నం పెట్టి, గరిటెతో పైన గీత గీసి, తలుపు మూసి వచ్చాను. సాయంత్రానికి గీత చెదరలేదు. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.
కాలికి బలమని మేకకాళ్ల సూపు మొదలుపెట్టాను. రోజుకు రెండు గ్లాసులు.

3 మార్చి
వాపు తీసింది. సూపు గుణమే.

14 మార్చి
మోకాలు. సూపు మూడు గ్లాసులు చేశాను.

17 మార్చి
నందిగామలో ఇద్దరు మోసి బస్సు దించారు. డాక్టరు రక్తం చూశాడు. కాలు కుళ్లడం కాదట, గౌట్ అనే కీళ్లజబ్బట. లివరు, సూపు, ఇంతింత మాంసం, వాటితో యూరిక్ యాసిడ్ పెరుగుతుందట. అన్నం బొత్తిగా మానేస్తే అది ఒంట్లోంచి సరిగా పోదట. గిద్దెడు పెట్టమన్నాను కదా టీచరమ్మగారూ, ఎవరు మాన్పించారు అని అడిగాడు.
నేనే మానేశానండి అన్నాడు వరప్రసాదు, నావైపు చూడకుండా.

18 మార్చి
తాళం తీశాను. గిద్దెడు కొలిచి వండి, పప్పు కలిపి, ముద్ద నోటి దగ్గర పెట్టాను. పళ్లు బిగించాడు. మళ్లీ పరీక్ష పెడుతున్నావా అమ్మా, నేను ముట్టను అన్నాడు. కాదురా అన్నాను. డాక్టరు మాటే చెప్పాను. నమ్మలేదు.

19 మార్చి
ముద్ద అలాగే ఉంది. ఎడమకాలి బొటనవేలు ఎర్రబడుతోంది.