ముందు తన ఫోన్‌కే

అత్తయ్యా,

మీ అమ్మాయి పోయిన రోజు పొద్దున బాగానే ఉంది. రెండు చెంచాల పాలు తాగింది. నర్సు దుప్పటి మారుస్తుంటే, "మీకంటే మా ఆయనే మడతలు బాగా వేస్తాడు" అని ఏడిపించింది. తర్వాత ఫోన్ ఇమ్మంది. "అమ్మకో మాట చెప్పాలి. కాల్ చేస్తే తనకి సరిగా వినపడదు. రికార్డు చేస్తే మళ్ళీ మళ్ళీ పెట్టుకుని వింటుంది. నువ్వు కాసేపు బయటికెళ్ళు" అంది. వెళ్ళాను. వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపలి మాట వినపడలేదు. తిరిగి వచ్చేసరికి ఫోన్ దిండు పక్కన పెట్టి కళ్ళు మూసుకుంది. "పంపించావా?" అంటే, "నువ్వు పంపుదువుగానిలే, నీరసంగా ఉంది" అంది. మధ్యాహ్నానికి స్పృహ తప్పింది. సాయంత్రం పోయింది. ఆ హడావిడిలో చార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది.

ఇదంతా మీకు తెలుసు. ఫోన్ ఎందుకు తెరుచుకోవడం లేదో మాత్రం మీకు సరిగా చెప్పలేకపోయాను. చెవి దగ్గర అరిచి చెప్పే మాటలు కావివి. అందుకే రాస్తున్నాను.

ఆగిపోయి మళ్ళీ వెలిగిన ఫోన్ అంకెలు అడుగుతుంది. ఆ అంకెలు ఆమెకే తెలుసు. "ఇంత చదువుకున్నారు, తాళం తీసేవాణ్ణి పిలవలేరా బాబూ?" అని మీరు కసిరారు. తాళం చేసినవాళ్ళ దగ్గరికే వెళ్ళాను, మీ అమ్మాయి ఆఫీసుకి. ఫోన్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్‌లో తాళం పని ఆమె టీమ్‌దే. ఆమె కింద పనిచేసినతను ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "సార్, ఇది మేడమే రాశారు. కొంచెం బద్ధకంగా రాసుంటే బాగుండేది" అన్నాడు. నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు.

ఒక దారి ఉండేదట. ఆస్పత్రిలో చేరడానికి కాస్త ముందు ఆ తాళంలో ఆమె ఒక బగ్ పట్టుకుంది. తెలిసినవాడైతే అంకెలు లేకుండానే లోపలికి దూరగల కంత. దాన్ని పూడ్చే ప్యాచ్ కూడా తనే రాసింది. వాళ్ళ దగ్గర ఒక పద్ధతి ఉంది. ప్యాచ్ ఎవరు రాస్తే వాళ్ళు ముందు సొంత ఫోన్‌లోకి ఎక్కించుకుని కొన్నాళ్ళు వాడి చూడాలి. చెడితే వాళ్ళదే చెడాలి. ఆ తర్వాతే ఊరందరికీ.

"అయితే మిగతా ఫోన్లలో?" అని అడిగాను.

"ఆ కంత ఇంకా ఉంది సార్. నా ఫోన్‌లో ఉంది. మీ ఫోన్‌లో ఉంది. మేడమ్ దాంట్లో ఒక్కదాంట్లోనే లేదు."

"ఆ ప్యాచ్ తీసేసి పాతదే పెట్టలేమా?"

"రోల్‌బ్యాక్ కుదరదు సార్. కొత్తది ఎక్కాక పాతదాన్ని రానివ్వదు. దొంగలు ఆ దారిన వస్తారని, ఆ అడ్డం కూడా మేడమే పట్టుబట్టి పెట్టించారు."

ఇన్నేళ్ళూ భోజనాల దగ్గర ఈ మాటలన్నీ చెప్పేది. కెర్నల్, బూట్, రోల్‌బ్యాక్. నేను తలాడించేవాణ్ణి. "అర్థమైందా?" అనేది. "ఆఁ" అనేవాణ్ణి. "అబద్ధాలకోరు" అని గ్లాసులో నీళ్ళు నా మీద చిలకరించేది. ఇప్పుడన్నీ అర్థమయ్యాయి.

మీరు చెప్పిన తేదీలన్నీ నొక్కాం. పెళ్ళిరోజు నొక్కాం. నా పుట్టినరోజు నొక్కాం. అది కాదని తేలినప్పుడు మీ అబ్బాయి నావైపు జాలిగా చూశాడు. ఇంకొక్కసారి తప్పితే ఫోన్ తనలో ఉన్నదంతా చెరిపేసుకుంటుంది.

"దాచుకోండి సార్. కొన్నేళ్ళకి ఇంకో కంత బయటపడకపోదు" అన్నాడు ఆఫీసు అతను. దాచుకుందామనే అనుకున్నాను. మీరు అడిగినప్పుడల్లా "చూద్దాం అత్తయ్యా" అంటూ వచ్చాను. అసలు సంగతి వేరు. అందులో మీకో మాట ఉందని తెలుసు. నాకేమైనా ఉందో లేదో తెలీదు. ఆ రోజు నన్ను బయటికి పంపి మీతో చెప్పుకుంది. ఆ ఫోన్ మూసి ఉన్నంతకాలం, నాకూ ఓ మాట ఉందనుకోవచ్చు.

మీ రెండో చెవి కూడా మందగిస్తోందని మొన్న మీ అబ్బాయి చెప్పాడు. ఎదురుచూడటానికి నాకు ఏళ్ళున్నాయి. మీకు లేవు.

రేపు ఉదయం మొదటి బస్సుకి బయల్దేరి వస్తాను. ఈ ఉత్తరం మీ చేతికిచ్చి, చదవడం అయ్యేదాకా పక్కన కూర్చుంటాను. తర్వాత ఫోన్ ఇస్తాను. ఆ చివరిసారి మీరే నొక్కండి.

మీ అల్లుడు