నువ్వు క్లాసులో చెప్పని వాక్యం

సుధా,

నువ్వు ఇంత పని చేస్తావని నేను కలలో కూడా అనుకోలేదు.

నువ్వు పోయి రేపటికి ఏడాది. నాకు సౌదీలో ఉద్యోగం ముగిసి ఫైనల్ ఎగ్జిట్ వీసా వచ్చింది, వచ్చే వారం ఈ అల్ ఖోబర్ ఊరు వదిలి ఇండియాకి వెళ్లిపోతున్నాను. నీ పుస్తకాలు తెచ్చుకుందామని ఈరోజు నువ్వు ఇంగ్లీషు చెప్పిన ఇండియన్ స్కూలుకి వెళ్లాను. "సుధా మేడమ్ గారి హస్బెండ్" అని కొత్త టీచరమ్మ చెప్పగానే తొమ్మిదో తరగతి ఆడపిల్లలంతా కిసుక్కున నవ్వారు. ఒకమ్మాయి లేచి, "అంకుల్, ఉప్మా మాడగొట్టేది మీరేనా?" అంది.

"ఏమనుకోకండి సార్, ఇప్పటికీ మేడమ్ నోట్సుతోనే చెబుతున్నాం" అంటూ టీచరమ్మ నీ పాత నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. బెస్ట్, వరస్ట్ లాంటి మాటలకి ఇంకాస్త బలం ఎలా చేర్చాలో చెప్పే పాఠం. ఉదాహరణలన్నీ నా మీదే! 'బై ఫార్ ద వరస్ట్ కుక్' నేనట. 'ఈజీలీ ద లౌడెస్ట్' గురక నాదట. పిల్లలు నా గురకని బట్టీపట్టి పరీక్షలు రాస్తున్నారన్నమాట!

పదహారేళ్ల కాపురంలో నేనేం చేసినా "పరవాలేదు" అన్నావే తప్ప, ఇంకో మాట నీ నోట వినలేదు.

పేజీ తిప్పితే అట్టడుగున ఇంకో వాక్యం ఉంది. 'మై హస్బెండ్ ఈజ్ ద వెరీ బెస్ట్ మ్యాన్ ఐ నో.' పక్కనే ఎర్రసిరాతో, 'ఇది క్లాసులో చెప్పకూడదు' అని తెలుగులో రాసుకున్నావు.

"వాక్యం కరెక్టే కదండీ, మరి మేడమ్ ఎందుకు వద్దనుకున్నారు?" అని టీచరమ్మ అడిగింది.

"పరవాలేదు, చెప్పండమ్మా" అన్నాను.